ఎడమ పెడల్

చెర్నా ఊళ్లో కొండ సైకిళ్ల క్లబ్బువాళ్లకి ఒక చెడ్డ అలవాటు ఉంది. దానికి ఆచారమని పేరు పెట్టుకున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

వాళ్లు వేసుకునే బూట్ల అడుగున చిన్న ఇనప బిళ్ల ఒకటి ఉంటుంది. క్లిప్పు పెడల్ మీద కాలు పెట్టి నొక్కితే అది టక్కుమని అందులో ఇరుక్కుంటుంది. ఇక కాలూ సైకిలూ ఒకటే. రాళ్ల మీద ఎంత ఎగిరినా, చెట్ల వేర్లు ఎంత కుదిపినా కాలు జారదు. విడిపించుకోవాలంటే మడమని బయటికి తిప్పాలి. ఆ తిప్పడం కూడా ఆగడానికి ముందే జరిగిపోవాలి. మర్చిపోతే సైకిల్ నిలబడిపోతుంది, మనిషి సైకిల్‌తో సహా బంగాళాదుంపల బస్తాలా పక్కకి ఒరిగిపోతాడు. దెబ్బ పెద్దగా తగలదు గానీ సిగ్గు మాత్రం గట్టిగానే తగులుతుంది. అలా నిలబడ్డచోటే పడినవాడి సైకిల్‌కి క్లబ్బువాళ్లు ఒక ఆవు గంట కడతారు. ఇంకొకడు పడేదాకా అది వాడిదే.

అక్టోబరు ఆఖర్లో ఒక ఆదివారం అందరూ కలిసి పేత్సా కొండ మీది సత్రానికి సైకిళ్ల మీద ఎక్కుతారు. దాంతో ఆ ఏడాదికి సరి. అక్కడ బల్ల మీదికి సూప్ గిన్నెలు వచ్చేసరికి గంట ఎవరి సైకిల్‌కి ఉంటే, చలికాలమంతా వాళ్ల ఇంటి గుమ్మానికే వేలాడుతుంది. ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యే తొలి యాత్రకి ఆ మనిషి ముందు నడవడానికి వీల్లేదు.

ఊరి డాక్టరు ఆ గంట మోశాడు. చర్చి ఫాదరు కూడా మోశాడు, అదీ నవ్వుతూనే. మోయనివాడు లుడ్విక్ ఒక్కడే. ప్రతి ఏప్రిల్‌లోనూ అందరికంటే ముందు నడిచేది అతనే. అలాంటిది జులైలో ఆ గంట అతని సైకిల్ ఎక్కి మళ్లీ దిగలేదు. వంతెన దగ్గర పడ్డాడు. బేకరీ ముందు పడ్డాడు. ఊళ్లోవాళ్లు మొదట్లో నవ్వారు. తర్వాత పొద్దున్నే మోష్టు తాగి వస్తున్నాడని అనుకోవడం మొదలుపెట్టారు. బేరిపళ్ల రసం పులియబెట్టిన మోష్టు ఇక్కడ ఇంటింటా నేలమాళిగలో పీపాలకొద్దీ ఉంటుంది కాబట్టి, ఆ మాట అనడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అతని భార్య ఎర్నా మొదట నవ్వినవాళ్లలో ఉంది. తర్వాత, అతను ఇంట్లో లేనప్పుడు పీపా మూత తీసి ఎంత తగ్గిందో చూసుకున్నవాళ్లలో కూడా ఆవిడే ఉంది. పీపా తగ్గలేదు. అది చూసి సంతోషించాలో భయపడాలో ఆవిడకి అప్పుడు తెలియలేదు.

ఎర్నా బడి వంటశాలలో వంట చేస్తుంది. ఇన్నేళ్లలో కొండ దారిలో ఒక్కసారి కూడా సైకిల్ తొక్కలేదు. రమ్మని లుడ్విక్ పిలుస్తూనే ఉండేవాడు, ఆవిడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూనే ఉండేది. ఈ శరత్కాలంలో మాత్రం అతను వదల్లేదు. ఎవరో వాడి వదిలేసిన సైకిల్ ఒకటి తెచ్చి, శుభ్రం చేసి, సీటు ఆవిడ ఎత్తుకి దించి, ఈసారి ఆదివారం నువ్వు కూడా వస్తున్నావు అన్నాడు. అడిగినట్టుగా కాకుండా బతిమాలినట్టుగా అన్నాడు. ఆవిడ సరే అంది.

మంగళవారం సాయంత్రం ఇద్దరూ సైకిళ్లు నడిపించుకుంటూ హింకో కొట్టుకి వెళ్లారు. హింకోది సైకిళ్లు బాగుచేసే కొట్టు. క్లబ్బుకి పెద్ద కూడా అతనే, ఆ ఆవు గంట కనిపెట్టిన ఘనుడూ అతనే. లుడ్విక్‌తో చిన్నప్పటి స్నేహం కాబట్టి అందరికంటే ఎక్కువ ఏడిపించే హక్కు తనదే అనుకుంటాడు.

ఎర్నా సైకిల్‌కి ఏ పెడళ్లు బిగించాలన్నది ఆ పూట చర్చ. కొత్తగా నేర్చుకునే మనిషికి చదును పెడళ్లే మేలని లుడ్విక్ అన్నాడు. వెడల్పుగా ఉంటాయి, మీద చిన్న మేకులు లేచి ఉండి మామూలు బూటుని పట్టుకుంటాయి, భయం వేసిన క్షణంలో కాలు కింద పెట్టేయొచ్చు. హింకో ఒప్పుకోలేదు. చదును పెడళ్లతో మొదలుపెట్టినవాళ్లు జీవితాంతం కాలు దించుకుంటూనే బతుకుతారని, పడితే పడనీ, నాలుగుసార్లు పడితే మడమకి బుద్ధి వస్తుందని వాదించాడు. రెండు జతలూ బల్ల మీద పెట్టి, ఆవిడ ఏదో బంగారం కొంటున్నట్టు వాటిని అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"నువ్వేమంటావు ఎర్నమ్మా? నీ మొగుడు క్లిప్పు పెడళ్లు వద్దంటున్నాడంటే అర్థమైందిగా? గంట చేజారిపోతుందని భయం వాడికి."

లుడ్విక్ నవ్వాడు. ఎర్నాకి ఆ నవ్వు నచ్చలేదు. చదును పెడళ్లే కావాలంది.

హింకో వాటిని బిగించాడు. బిగిస్తూ బిగిస్తూ, ఆదివారం దాకా ఇది కూడా ఒకసారి చూసేస్తానంటూ లుడ్విక్ సైకిల్‌ని కూడా స్టాండుకి ఎక్కించాడు. గంట గణగణమంది. గొలుసు చూశాడు, బ్రేకులు చూశాడు, పెడల్ పక్కనున్న బుల్లి స్క్రూలో పానా పెట్టి తిప్పాడు. ఆ స్క్రూ బిగిస్తే బూటుని పెడల్ గట్టిగా పట్టుకుంటుంది, వదులు చేస్తే తేలిగ్గా వదిలేస్తుంది. కుడి పెడల్ దగ్గర హింకో చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమ పెడల్ దగ్గర ఆగిపోయింది.

ఇదేంట్రా, ఇంత వదులుగా ఉంది, పసిపిల్లలకి పెట్టినట్టు, అని అడిగాడు. కుదుపులకి వదులైపోయి ఉంటుందన్నాడు లుడ్విక్. స్క్రూ దానంతటది ఆఖరి మరదాకా ఎలా వెనక్కి తిరుగుతుందని హింకో గొణిగాడు గానీ, పానా తీసి జేబులో పడేసుకున్నాడు. దాన్ని బిగించవద్దని లుడ్విక్ అప్పటికే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టడాన్ని ఎర్నా చూసింది.

మర్నాడు వంటశాలలో పిల్లలకి మధ్యాహ్నం గంజి పెట్టి, పెద్ద గిన్నెలు తోమి, ఆవిడ ఇంటికొచ్చేసరికి లుడ్విక్ లేడు. కిటికీలు చేసే వడ్రంగి కార్ఖానాలో పని అతనిది. గుమ్మం దగ్గర అతని సైకిల్ బూట్లు బురద కొట్టుకుని పడున్నాయి. ఆదివారానికి శుభ్రంగా ఉండాలి కదా అని పాత కత్తీ, బ్రష్షూ తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. అంచుల్లో ఇరుక్కున్న మట్టి గీకింది. ఇనప బిళ్ల చుట్టూ చేరిన గులకరాళ్లని కత్తి మొనతో తీసింది. కుడి బూటు మామూలుగా ఉంది. ఎడమ బూటు ముందు భాగం, బొటనవేలు ఉండే చోట, అరిగి లోపలి గుడ్డ బయటపడింది.

సైకిల్ తొక్కితే బూటు అక్కడ అరగదు. నేల మీద కాలు ఈడ్చుకుంటూ నడిస్తే అరుగుతుంది.

ఆవిడ లేచి లోపలికెళ్లి అతని మామూలు చెప్పులు చూసింది. ఆదివారం చర్చికి వేసుకునే నల్ల బూట్లు చూసింది. వాటికి ముందు భాగంలో నల్ల రంగు పూసి ఉంది. ఒక్క ఎడమ దానికే. చక్కగా, ఓపిగ్గా, కిటికీ చెక్కలకి వార్నిష్ వేసేవాడు పూసినట్టే పూశాడు.

ఎర్నా ఆ రంగుని వేలితో తడిమి చూసింది. బూట్లు ఎక్కడివి అక్కడ పెట్టేసి, బయటికొచ్చి, మిగతా మట్టి గీకడం పూర్తి చేసింది. ఇంకేం చెయ్యాలో తోచక ఆ పనే చేసింది.

లుడ్విక్ వచ్చి నేరుగా నేలమాళిగలోకి దిగాడు. ఆవిడ కాసేపు ఆగి వెనకే దిగింది. దిగుతూ మెట్ల మధ్యలోనే ఆగిపోయింది. అతను బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ పంట్లాం కాలుని రెండు చేతులతో పట్టుకుని ఎత్తి, పక్కనున్న పెట్టె మీద పెట్టుకున్నాడు. బరువైన సామాను ఎత్తి పెట్టినట్టే పెట్టాడు.

ఆవిడ మిగతా మెట్లు దిగింది. అతని ఎదురుగా పీపా మీద కూర్చుంది. అతను తలెత్తి చూసి, ఇక దాచడం కుదరదని తెలుసుకుని, పంట్లాం మోకాలి దాకా మడిచాడు. మోకాలి కింది ఎముక మీద వరసగా చిన్న చిన్న గాట్లు ఉన్నాయి. కొన్ని మానాయి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తను కూడా చదును పెడళ్లు వేసి చూశానని చెప్పాడు. అడవిలో, ఎవరూ లేనిచోట. కుదుపు తగిలితే ఎడమ కాలు పెడల్ మీద నిలవడం లేదు, జారిపోతోంది, పెడల్ తిరిగొచ్చి మేకులతో కాలిని చీరేస్తోంది. క్లిప్పు పెడల్ అయితే కాలుని పట్టుకుని ఉంచుతుంది. కానీ ఆగేటప్పుడు వదలదు. వదిలించుకోవడానికి మడమ తిరగాలి. మడమ తిరగడం లేదు.

కుడికాలు దించొచ్చుగా అని అడిగింది ఎర్నా. దించుతున్నాను, సగంసార్లు అలాగే గట్టెక్కుతున్నాను అన్నాడు. కానీ ఇన్నేళ్లూ ఎడమకాలు దించడమే అలవాటు, మనసు కుడి అని చెప్పినా ఒళ్లు ఎడమకే ఒరుగుతోంది.

రాజధాని లుబ్ల్యానాలో డాక్టర్లు ఆగస్టులోనే చెప్పేశారట. కిటికీల పని మీద వెళ్తున్నానని చెప్పి వెళ్లిన ప్రయాణం అది. కండరాలకి కబుర్లు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. పాదంతో మొదలైంది. చేతులు, ఆ తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. మందు లేదు. ఇదంతా అతను స్క్రూల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. చెప్పేటప్పుడు పంట్లాం కిందికి దించుకుంటూ, మడతలు సరిచేసుకుంటూ ఉన్నాడు.

ఎర్నా ఏడ్చింది. పీపా మీదే కూర్చుని, మోకాళ్ల మధ్య ఏప్రన్ పట్టుకుని, పెద్దగా ఏడ్చింది. అతను ఏడవొద్దని అనలేదు. కాసేపటికి ఆవిడే ముఖం తుడుచుకుని, నాకెందుకు చెప్పలేదంది. ఒక్క ఆదివారమైనా నీతో కలిసి కొండ ఎక్కాలనుకున్నాను అన్నాడు. చెబితే ఎక్కేదానివి కాదుగా అన్నాడు. అది నిజమే.

"హింకోకైనా చెప్పు. నిన్ను తాగుబోతంటున్నారు వాళ్లు."

"అననీ. చెప్పానంటే ఆదివారం నన్ను సైకిల్ ఎక్కనివ్వరు. కారెక్కించి తీసుకెళ్తారు. కుర్చీలో కూర్చోబెట్టి సూప్ చేతికిస్తారు. వాళ్ల జాలి నాకొద్దు ఎర్నా."

"మరి ఆ గంట?"

అతను గోడకి ఆనించిన సైకిల్ వైపు చూశాడు.

"ఏప్రిల్లో నేను రాలేను. అది నాకు తెలుసు. నేను రాలేకపోతే అది వేరే సంగతి. గంట ఉంది కాబట్టి నువ్వు ముందు నడవొద్దు అంటే మాత్రం... అది ఒక్కటి మాత్రం వద్దనిపిస్తోంది."

ఇంత పెద్ద చావుకబురు చెప్పిన మనిషి ఒక ఆవు గంట కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎవరైనా నవ్వుతారేమో. ఎర్నాకి నవ్వు రాలేదు. ఆ మనిషికి ఇంకా తన చేతిలో మిగిలి ఉందనిపించేది అదొక్కటే అని ఆవిడకి అర్థమైంది.

గురువారం పిల్లల భోజనాలు కాగానే, ఏప్రన్ విప్పకుండానే సైకిల్ నడిపించుకుంటూ హింకో కొట్టుకి వెళ్లింది. చదును పెడళ్లు తీసేసి క్లిప్పు పెడళ్లు వెయ్యమంది. హింకో ఆవిడని పైకీ కిందికీ చూసి, రెండు రోజుల్లో ఏం మారిందని అడిగాడు. మనసు మారిందంది. పడతావు అన్నాడు. చూద్దాం అంది. బూట్ల కోసం అతని భార్య పాతవి ఒక జత వెతికి తెచ్చాడు. కొద్దిగా వదులు, మందపాటి మేజోళ్లు తొడిగితే సరిపోయాయి. ఎడమ పెడల్ స్క్రూ ఎంత బిగించాలని అడుగుతూ అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎర్నా చూపు తిప్పుకుని, రెండూ ఒకేలా ఉండనీ అంది.

సాయంత్రం బడి వెనక గడ్డిలో లుడ్విక్ ఆవిడకి నేర్పాడు. అతను బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ ముందు గోడ పట్టుకుని నిలబడి, కాలు ఇరికించడం, విడిపించడం, ఇరికించడం, విడిపించడం చేసింది. తర్వాత గడ్డి మీద నెమ్మదిగా తొక్కింది. అతను ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆగాలని మనసులో అనుకున్నావా, అప్పుడే మడమ తిప్పెయ్. ఆగాక కాదు. ఆగాక తిప్పితే అప్పటికే ఆలస్యం.

ఎర్నా ఇరవై ఏళ్లుగా తడి నేల మీద, మరుగుతున్న గిన్నెలు మోస్తూ నడిచిన మనిషి. కాలు ఎక్కడ ఉందో చూడకుండానే ఆవిడకి తెలుస్తుంది. ఒక్కసారి కూడా పడలేదు. శుక్రవారం పడలేదు. శనివారం కంకర దారిలో, బేకరీ దాకా వెళ్లి వచ్చినా పడలేదు. లుడ్విక్ ముఖంలో చాలాకాలం తర్వాత నిజమైన సంతోషం కనిపించింది. నువ్వు పదేళ్ల కిందటే మొదలుపెట్టి ఉంటే హింకోని దాటేసేదానివి అన్నాడు. ఆవిడకి ఆ మాట గుచ్చుకుంది. అతను గుచ్చడానికి అనలేదని తెలిసినా గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున మేజా నది మీద పొగమంచు ఉంది. పైకి వెళ్లేసరికి అది విడిపోయి, పసుపు పచ్చగా మారిన లార్చి చెట్లు ఎండలో కనిపించాయి. దారి పొడవునా పశువులు దాటకుండా పెట్టిన కొయ్య తలుపులు ఉంటాయి. ప్రతి తలుపు దగ్గరా ఆగాలి. ఎవరో ఒకరు దిగి తీయాలి, అందరూ దాటాక ఆఖరివాళ్లు వెయ్యాలి. లుడ్విక్‌కి ఆ తలుపులే గండాలు.

ఎర్నా అతనికంటే కొంచెం ముందు తొక్కింది. తలుపు రాబోతోందనగా మడమ తిప్పి, గబుక్కున దిగి, అతనికి ఎడమ పక్కన వచ్చి నిలబడేది. అతను వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆగేవాడు. కుడికాలు దించి, బూటు తాడు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఎడమ మడమని చేత్తో తిప్పుకునేవాడు. చూసేవాళ్లకి మాత్రం, కొత్తగా నేర్చుకుంటున్న భార్య భయపడి మొగుణ్ని పట్టుకుని నిలబడుతోందనిపించింది. కొత్త పెళ్లికూతురు చెయ్యి వదలడం లేదురోయ్ అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎర్నా సిగ్గుపడ్డట్టు తలొంచుకుంది. హింకో కూడా నవ్వాడు గానీ, తర్వాతి తలుపు దగ్గర నవ్వలేదు. బూటు తాడు అన్నిసార్లు ఎందుకు ఊడుతుందా అన్నట్టు చూశాడు.

ఎక్కేటప్పుడు లుడ్విక్ ముఖం బూడిద రంగుకి తిరిగింది. అయినా కుడికాలితోనే కొండంతా తొక్కాడు. ఎడమ కాలు పెడల్‌తో పాటు తిరుగుతూ ఉంది, అంతే. గంట ఆగకుండా మోగింది.

సత్రం ముందు కట్టెల పేర్పు ఉంది. లుడ్విక్ దాని దగ్గరికి వెళ్లి, చేత్తో ఆనుకుని ఆగాడు. రెండు కాళ్లూ నేల మీదికి వచ్చేదాకా ఎర్నా పక్కనే నిలబడింది. పడలేదు. కానీ గంట అతని సైకిల్‌కే ఉంది. లోపలనుంచి బార్లీ, చిక్కుడు గింజల సూప్ వాసన వస్తోంది. మగవాళ్లు బయట వేసిన బల్లల దగ్గర సర్దుకుంటూ, ఇక ఈ చలికాలం లుడ్విక్ ఇంటి తలుపు తట్టక్కర్లేదు, గంట ఉంటుంది అంటున్నారు. లుడ్విక్ వాళ్లతో పాటు నవ్వుతూ కట్టెల పేర్పుకి ఆనుకునే నిలబడ్డాడు.

చేతి తొడుగు కింది తలుపు దగ్గర మర్చిపోయానని చెప్పి ఎర్నా మళ్లీ సైకిల్ ఎక్కింది. తొడుగు ఆవిడ జేబులోనే ఉంది. మలుపు తిరిగి, చెట్ల చాటున ఆగి, సత్రం తలుపు వైపు చూస్తూ నిలబడింది. సత్రం నడిపే ఆవిడ గిన్నెలు పేర్చిన పళ్లెంతో గుమ్మంలోకి రాగానే పెడల్‌లో కాళ్లు రెండూ ఇరికించి బయల్దేరింది.

బల్లల ముందుకి వచ్చేసరికి అందరూ ఆవిడ వైపు చూస్తున్నారు. వేగం తగ్గించింది. మడమ, మడమ తిప్పు అని ఎవరో అరిచారు. మూడు రోజులుగా అలవాటైన మడమ తిరగబోయింది. బలవంతాన దాన్ని ఆపి ఉంచింది. తేలికైన పని కాదది. ఒళ్లంతా వద్దు వద్దంటోంటే బ్రేకు పూర్తిగా నొక్కి, సైకిల్ నిలబడిపోయిన ఆ ఒక్క క్షణం లుడ్విక్ రోజూ ఏం చూస్తున్నాడో తనూ చూసింది. ఆకాశం పక్కకి ఒరిగింది. మోచెయ్యి, తుంటి, ఒకేసారి గట్టి నేలకి తగిలాయి.

నవ్వులు మిన్నంటాయి. హింకో బల్ల మీద దబదబా కొట్టాడు. గిన్నెలు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి చూసుకోండి అని ఎవరో తీర్పు చెప్పారు. ఎర్నా పడ్డచోటే పడి ఉండి, నొప్పికి వచ్చిన కన్నీళ్లనే నవ్వుగా మార్చుకుంది.

లుడ్విక్ నవ్వలేదు. కట్టెల పేర్పు వదిలి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"నీకు ఆగడం వచ్చు" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

"మర్చిపోయాను" అంది ఎర్నా.

ఆచారం ప్రకారం గంట విప్పి కట్టాల్సింది పాతవాడే. అతను తన సైకిల్ దగ్గరికెళ్లి గంట తోలుపట్టీ విప్పబోయాడు. బకిల్ చిన్నది. వేళ్లు దాని మీద తిరిగాయి, జారాయి, మళ్లీ తిరిగాయి. కిటికీ చెక్కలో వెంట్రుకంత ఖాళీని పట్టుకునే వేళ్లు అవి. చలికి మొద్దుబారాయి అన్నాడు. ఎండ బాగానే ఉంది. ఎర్నా లేచి కుంటుకుంటూ వచ్చి, తన చేతులు అతని చేతుల మీద వేసి, ఇద్దరూ కలిసి విప్పినట్టు విప్పింది. తన సైకిల్‌కి తనే కట్టుకుంది. తల తిప్పితే హింకో చూస్తున్నాడు. అతని ముందు సూప్ గిన్నె ఉంది, చెంచా గాలిలోనే ఉంది.

భోజనం మధ్యలో హింకో లుడ్విక్‌తో అన్నాడు. అతని గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

"అయితే ఏప్రిల్లో దారి నువ్వే చూపాలి మరి."

"చూపిస్తా" అన్నాడు లుడ్విక్.

అందరూ గ్లాసులెత్తారు. అతను మోష్టు ముట్టుకోలేదు, నీళ్ల గ్లాసే ఎత్తాడు. ఎత్తడానికి రెండు చేతులూ వాడాడు.

దిగేటప్పుడు అతన్ని ముందు వదిలారు. వేర్ల మీద, రాళ్ల మీద, ఆకులు రాలిన మలుపుల్లో అతను ఒకప్పటిలాగే దిగాడు. దిగడంలో కాలికి పెద్దగా పని లేదు, చూపుకి, భుజాలకే పని. తలుపులన్నీ ముందే ఎవరో తీసి పెట్టారు. హింకో భోజనం కాగానే అందరికంటే ముందే ఎందుకు దిగిపోయాడో ఎర్నాకి ఆ తలుపులు చూశాకే తెలిసింది. తుంటి సలుపుతుంటే ఆవిడ బాగా వెనకబడిపోయింది. గంట ఆవిడ సైకిల్‌కి మోగుతూనే ఉంది.

ఊరి చౌరస్తాలోకి వచ్చేసరికి అందరూ మధ్యలోని నీళ్ల తొట్టి చుట్టూ ఆగి, సైకిళ్లు పడేసి నీళ్లు తాగుతున్నారు. లుడ్విక్ మాత్రం ఆగలేదు. నెమ్మదిగా, తొట్టి చుట్టూ, గుండ్రంగా తిరుగుతున్నాడు. గానుగెద్దులా ఆ తిరుగుడేంట్రా అని ఎవరో అంటున్నారు. ఆనుకోవడానికి అక్కడ గోడ లేదు. అలసట అతని మెడలో, భుజాల్లో కనిపిస్తోంది. కుడికాలు వణుకుతోంది. గంట చప్పుడు విని తలెత్తాడు.

ఎర్నా మడమ తిప్పి దిగి, సైకిల్‌ని రాళ్ల మీదే వదిలేసింది. గంట ఒక్కసారి గట్టిగా మోగి ఊరుకుంది. వెళ్లి అతని దారిలో ఎడమ పక్కన నిలబడింది. అతను వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్లు మొత్తం బరువు ఆ చేతిలో పెట్టాడు. కుడికాలు దించాడు. బూటు తాడు సరిచేసుకోవడానికి వంగుతాడని ఆవిడ అనుకుంది. అతను వంగలేదు.

"తియ్యి ఎర్నా" అన్నాడు. మామూలు గొంతుతోనే, అందరికీ వినపడేలా.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంది. అతని చెయ్యి ఆవిడ తల మీదికి జారి అక్కడ ఆగింది. అరిగిపోయిన ఆ బూటు మడమని రెండు చేతులతో పట్టుకుని బయటికి తిప్పింది. టక్కుమంది. పాదాన్ని తెచ్చి నేల మీద పెట్టి, అది నిలబడే దాకా పట్టుకునే ఉంది. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఆవిడ గమనించలేదు. తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు ఒకటే వినిపిస్తోంది.

హింకో వచ్చి, అటుపక్కనుంచి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నేను పట్టుకున్నాలేరా, నువ్వు మెల్లిగా దిగు" అన్నాడు.

లుడ్విక్ దిగాడు. అతన్ని మధ్యలో పెట్టుకుని ముగ్గురూ ఇంటివైపు నడిచారు. మిగతావాళ్లు తమ సైకిళ్లు ఎక్కకుండా, నడిపించుకుంటూ వెనకే వచ్చారు. ఏప్రిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.